ఆ బండల్ని రెండోసారి చూడండి

ఫోన్ తీయండి. మోనే, బెల్ ఇల్ అని ఇంగ్లిష్‌లో టైప్ చేసి వెతకండి. ఒకే తరహా బొమ్మలు చాలా వస్తాయి. సముద్రం మధ్యలో ముదురు రంగు బండలు నిలబడి ఉన్న బొమ్మను ఒకటి తెరిచి, ఐదు సెకన్లు చూసి ఫోన్ పక్కన పెట్టండి. ఏం కనిపించింది?

చాలామంది చెప్పే జవాబు నాకు తెలుసు. రాళ్లున్నాయి, నీళ్లున్నాయి, అంతా గజిబిజిగా ఉంది, ఫినిషింగ్ లేదు. మీరూ అదే అనుకుంటే సిగ్గుపడక్కర్లేదు. 150 ఏళ్ల కిందట పారిస్‌లో పేరున్న విమర్శకులు కూడా ఇలాంటి బొమ్మల్ని చూసి అదే అన్నారు. ఆ బండల్ని గీసిన క్లాడ్ మోనే జీవితంలో సగభాగం ఆ మాట పడటంతోనే గడిచింది.

కెరీర్ పేజీలో చిత్రకారుడి సంగతెందుకు అంటారా? రెండు కారణాలున్నాయి. ఒకటి, బొమ్మ చూసి మాట్లాడటం ఇప్పుడు పరీక్షల్లో భాగం. సైన్యంలో ఆఫీసర్ కావాలనుకునేవాళ్లకు ఎస్‌ఎస్‌బీలో మసకగా ఉన్న బొమ్మను 30 సెకన్లు చూపించి, 4 నిమిషాల్లో కథ రాయమంటారు. విదేశాలకు వెళ్లేవాళ్లు రాసే పీటీఈలో ఒక చిత్రం చూపించి, 25 సెకన్లు ఆలోచించుకోనిచ్చి, 40 సెకన్లు మాట్లాడమంటారు. రెండోది ఇంకా ముఖ్యం. మీ రెజ్యూమెని కూడా ఎవరో ఇలాగే కొన్ని సెకన్లు చూసి పక్కన పెడుతున్నారు. తొందరపాటు చూపు మనల్ని ఏం చేస్తుందో మనకు తెలుసు. ఆ చూపునే మనం ఇతరుల మీద, ఇతర విషయాల మీద ఎన్నిసార్లు వాడుతున్నామో మాత్రం గమనించం.

కార్టూన్లు అమ్మిన కుర్రాడు

మోనే 1840 నవంబర్ 14న పారిస్‌లో పుట్టాడు. చిన్నప్పుడే కుటుంబం లె ఆవ్ర్ అనే రేవు పట్టణానికి మారింది. చదువు మీద పెద్దగా మనసు లేదు. నోటు పుస్తకాల్లో టీచర్ల ముఖాలు వంకరగా గీసేవాడు. పదిహేను, పదహారేళ్లకే ఊళ్లో పెద్దమనుషుల బొమ్మలు గీసి డబ్బులు తీసుకునేవాడు. అవి ఫ్రేములు కట్టే షాపు అద్దంలో వేలాడేవి. ఇప్పటి మాటల్లో చెప్పాలంటే, కాలేజీకి రాకముందే ఫ్రీలాన్సింగ్ మొదలుపెట్టాడు.

అదే షాపులో యూజీన్ బూదాన్ అనే చిత్రకారుడి సముద్ర చిత్రాలు కూడా ఉండేవి. మోనేకు అవి నచ్చేవి కావు. బూదానే కుర్రాణ్ని పట్టుకుని, గదిలో కూర్చోకుండా బయటికి వచ్చి గీయమని వెంట తీసుకెళ్లాడు. గాలిలో, ఎండలో, కళ్లెదుట మారుతున్న ఆకాశాన్ని చూస్తూ గీయడం అక్కడే నేర్చుకున్నాడు. మొదట నచ్చని మనిషే తన మొదటి గురువయ్యాడు.

ఇక్కడ ఒక టెక్నాలజీ సంగతి చెప్పాలి. అంతకుముందు తరం రంగుల్ని పంది మూత్రాశయంతో చేసిన సంచుల్లో దాచుకునేది. అవి చిరిగిపోయేవి, రంగు ఎండిపోయేది. 1841లో జాన్ గాఫ్ ర్యాండ్ అనే అమెరికన్ చిత్రకారుడు నొక్కితే రంగు బయటికొచ్చే లోహపు ట్యూబుకి పేటెంట్ తీసుకున్నాడు. మన టూత్‌పేస్ట్ ట్యూబ్ లాంటిదే. మూత పెట్టుకోవచ్చు, జేబులో వేసుకుని కొండెక్కవచ్చు. మోనే తరం ఆరుబయట రోజంతా గీయగలిగిందంటే ఆ చిన్న ట్యూబుకి అందులో పెద్ద వాటా ఉంది.

తిట్టు పేరైంది

పారిస్‌లో చిత్రకారుడికి అప్పట్లో ఒకటే పెద్ద గేటు. ప్రభుత్వ అండతో జరిగే సాలోన్ అనే ప్రదర్శన. అందులో జ్యూరీ ఓకే అంటేనే కొనేవాళ్లు వస్తారు. 1865లో మోనే సముద్ర చిత్రాలు రెండు అక్కడ ఎంపికయ్యాయి, మంచి పేరొచ్చింది. ఇక తిరుగులేదనిపించే మొదలు. కానీ 1867లో తోటలో ఆడవాళ్లు అనే చాలా పెద్ద చిత్రాన్ని జ్యూరీ తిప్పి పంపింది. చేతిలో డబ్బు లేదు. ఫ్రెడరిక్ బజీల్ అనే స్నేహితుడు దాన్ని 2,500 ఫ్రాంకులకు కొన్నాడు. అదీ నెలకు 50 ఫ్రాంకుల చొప్పున. లెక్కేస్తే 50 నెలల ఈఎంఐ. స్నేహితుణ్ని ఆదుకోవడానికే కొన్నాడన్నమాట. ఆ బజీల్ 1870 యుద్ధంలో చనిపోయాడు. వయసు ఇరవై తొమ్మిదేళ్లు కూడా నిండలేదు.

1874లో మోనే, రెనువార్, సిస్లీ, పిస్సారో, దెగా తదితరులు కలిసి మొత్తం 30 మంది సొంతంగా ప్రదర్శన పెట్టుకున్నారు. నెల రోజులు నడిచింది. వచ్చినవాళ్లు సుమారు 3,500 మంది. లె ఆవ్ర్ రేవులో సూర్యోదయాన్ని చూపించే మోనే చిత్రం పేరులో ఇంప్రెషన్ అనే మాట ఉంది. లూయీ లెరువా అనే విమర్శకుడు ఆ మాట పట్టుకుని, వీళ్లకు తెలిసింది ఇంప్రెషన్లు మాత్రమే, బొమ్మ పూర్తి చేయడం రాదన్న అర్థంలో ఎగతాళిగా రాశాడు. ఆ వెక్కిరింతే తర్వాత ఆ బృందానికి పేరైంది.

పేరొచ్చినా అన్నం రాలేదు. అప్పులు, అద్దె బాకీలు, సాయం కోసం రాసిన ఉత్తరాలు. 1879లో భార్య కామిల్ జబ్బుతో 32 ఏళ్లకే కన్నుమూసింది. ఇద్దరు పిల్లలు. అప్పటికి మోనేకి ఇంకా నలభై నిండలేదు.

గిట్టుబాటైన పని వదిలి

1880ల్లో పరిస్థితి మెల్లగా మారింది. పాల్ ద్యురాన్-రుయెల్ అనే వ్యాపారి మోనే బొమ్మలు వరసగా కొన్నాడు. 1886 వసంతంలో న్యూయార్క్‌కు తీసుకెళ్లి చూపిస్తే అక్కడ ఆదరణ దొరికింది. నార్మండీ తీరం, ఎత్రెతా దగ్గర సున్నపురాయి కొండలు, వాటి మీద వెలుగు, ఇవి మోనే బ్రాండ్ అయ్యాయి. అక్కడి ప్రతి మలుపూ ఆయనకు తెలుసు. అంత తెలిసినచోట కూడా 1885 నవంబర్‌లో ఒకసారి ఆటుపోట్ల సమయం తప్పుగా లెక్కేసుకున్నాడు. నీళ్లు వెనక్కి వెళ్తున్నాయనుకుని గీస్తూ ఉంటే పెద్ద అల వచ్చి కొండకేసి కొట్టింది. ప్రాణం దక్కింది కానీ బొమ్మ, స్టాండు, సామాన్లు సముద్రంలో కలిశాయి.

1886లోనే ఇంకో మార్పు జరిగింది. పారిస్‌లో ఇంప్రెషనిస్టుల చివరి ప్రదర్శనలో 26 ఏళ్ల జార్జ్ సూరా చిన్న చిన్న చుక్కలతో వేసిన పెద్ద చిత్రం అందరి కళ్లనూ లాగేసింది. మోనే ఆ ప్రదర్శనలో పాల్గొనలేదు. పన్నెండేళ్ల కిందట కొత్తతరంగా వచ్చిన మనిషి ఇప్పుడు పాతతరం. మీరు నేర్చుకున్న ఫ్రేమ్‌వర్క్ ఉద్యోగం వచ్చేలోపే పాతబడిపోయిందని బాధపడ్డారా? ఆ బాధ కొత్తది కాదు.

ఆ సెప్టెంబర్ 12న మోనే, బ్రిటనీ తీరానికి అవతల అట్లాంటిక్‌లో ఉన్న బెల్ ఇల్ అనే ద్వీపంలో దిగాడు. రెండు వారాలు ఉండొద్దామన్నది ప్లాన్. కెర్విలవుయెన్ అనే పది, పన్నెండు ఇళ్ల పల్లెలో గది తీసుకున్నాడు. ఎదురుగా నార్మండీలో లేని సముద్రం. తెల్లటి కొండలు లేవు, ముదురు రంగు బండలు. లేత వెలుగు లేదు, గాలివాన. తనకు అలవాటైన రంగులేవీ ఇక్కడ పనికిరాలేదు. పోలీ అని పిలిచే ఒక జాలరిని సామాన్లు మోయడానికి పెట్టుకుని, గాలికి ఎగిరిపోకుండా స్టాండును కట్టేసి, వానలో గీశాడు. రెండు వారాల మనిషి నవంబర్ 25 దాకా ఉండిపోయాడు. దాదాపు 40 చిత్రాలు తయారయ్యాయి.

ద్యురాన్-రుయెల్‌కి ఇది నచ్చలేదు. ఎండ కాసే బొమ్మలు అమ్ముడుపోతుంటే ఈ చీకటి బండలెందుకని ఆయన భయం. వ్యాపారిగా అది న్యాయమైన భయమే. మోనే మాత్రం ఒకే రకానికి అంటుకుపోకూడదని, తనకు చేతకాని చోటే ఇప్పుడు తనకు కావాలని తేల్చుకున్నాడు. అప్పటికి ఆయనకు నలభై ఆరేళ్లు నిండాయి. ఇంటినిండా పోషించాల్సిన వాళ్లు. అది కుర్రతనపు సాహసం కాదు, ఖరీదు తెలిసి తీసుకున్న నిర్ణయం.

ఇప్పుడు బొమ్మ చదువుదాం

పారిస్‌లోని ఓర్సే మ్యూజియంలో ఉన్న చిత్రాన్ని తీసుకుందాం. బెల్ ఇల్ రాళ్లు, 1886. సుమారు 65 సెంటీమీటర్ల ఎత్తు, 81 సెంటీమీటర్ల వెడల్పు. మీ ఇంట్లో మామూలు టీవీ అంత. ఈసారి ఐదు సెకన్లు కాదు, ఐదు నిమిషాలు చూడండి.

మొదట, ఆకాశం ఎంత ఉందో చూడండి. పైన సన్నటి పట్టీ మాత్రమే. మిగతాదంతా నీళ్లు, రాళ్లు. మామూలు సముద్రం బొమ్మలో సగం ఆకాశం ఉంటుంది, చూసేవాడికి ఊపిరాడుతుంది. ఇక్కడ ఆ ఖాళీ తీసేశాడు. హొరైజన్‌ను ఇలా పైకి నెట్టేయడం జపాన్ ముద్రణ చిత్రాల్లో ఎక్కువ. మోనే వాటిని ఇష్టంగా సేకరించేవాడు.

రెండోది, ఏం లేదో చూడండి. పడవ లేదు, మనిషి లేడు, ఒడ్డు లేదు. పక్కన కొలత లేదు కాబట్టి బండ ఎంత పెద్దదో తెలియదు. కాలు పెట్టడానికి చోటు లేదు కాబట్టి మీరే కొండ అంచున నిలబడి కిందికి చూస్తున్నట్టుంటుంది. లేనిదాన్ని గమనించడం చాలామంది మర్చిపోతారు.

మూడోది, రంగు. నల్లరాయి అన్నాం కదా, నలుపెక్కడుందో వెతకండి. ఊదా, ముదురు నీలం, ఆకుపచ్చ, తుప్పు రంగు కనిపిస్తాయి. ఇన్ని రంగులు పక్కపక్కన చేరితే దూరం నుంచి మన కన్ను దాన్ని నలుపుగా లెక్కేస్తోంది.

నాలుగోది, బ్రష్ నడిచిన తీరు. రాయి మీద గీతలు బరువుగా, వంపులు తిరిగి ఉంటాయి. నీటి మీద పొట్టిగా, తెగి తెగి ఉంటాయి. రాయీ నీరూ కలిసేచోట గీత గీసి ముగించలేదు, తెల్లటి నురగతో వదిలేశాడు. ఫినిషింగ్ లేదనిపించింది ఇందుకే. కానీ కదులుతున్న అంచుకి గట్టి గీత గీస్తే అదే తప్పు బొమ్మ అవుతుంది.

ఇప్పుడు అర్థానికి వద్దాం. బండలు ధైర్యానికి గుర్తు, అలలు కష్టాలకు గుర్తు అని చెప్పాలనిపిస్తుంది. స్టేటస్‌లో పెట్టుకోవడానికి బాగుంటుంది కూడా. మీకలా అనిపిస్తే తప్పు లేదు, అది మీ అనుభవం. కానీ బొమ్మలో ఆధారం ఏం చెబుతోందో చూడండి. పోర్ట్ కోతోన్ అనేచోట సూదుల్లా నిలబడ్డ ఒకే బండల్ని మోనే మళ్లీ మళ్లీ గీశాడు. ఒకదాంట్లో సముద్రం నెమ్మదిగా ఉంది, ఇంకోదాంట్లో విరుచుకుపడుతోంది. ఒకదాంట్లో ఎండ, ఇంకోదాంట్లో మబ్బు. బండలు అవే, బొమ్మలు వేరు. అంటే ఆయన గీసింది బండను కాదు, ఆ బండ మీద ఆ రోజు, ఆ గంటలో ఉన్న వెలుగును, నీటిని. ఒకేసారి చాలా క్యాన్వాసులు మొదలుపెట్టి, వెలుగు మారగానే ఒకటి పక్కనపెట్టి ఇంకోటి తీసుకునేవాడు. మొదటిదాన్ని మళ్లీ అలాంటి వెలుగు వచ్చినప్పుడే ముట్టుకునేవాడు.

పరీక్షలో అయినా ఇంటర్వ్యూలో అయినా పనికొచ్చే క్రమం ఇదే. ముందు ఉన్నది చెప్పండి. తర్వాత లేనిది చెప్పండి. ఆ తర్వాత అది ఎలా చేశారో చెప్పండి. చివర్లో మీకేమనిపించిందో, ఏ ఆధారంతో అనిపించిందో చెప్పండి. చాలామంది నాలుగోదాంతో మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు.

మన బండల దగ్గర

మన మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు సముద్రం లేదు. కానీ బండలకు కొదవలేదు. హార్స్‌లీ హిల్స్ అని మనం పిలిచే ఏనుగు మల్లమ్మ కొండ ఎక్కేటప్పుడు, పుంగనూరు నుంచి మదనపల్లెకు బస్సులో వచ్చేటప్పుడు, కుప్పం చుట్టూ గ్రానైట్ తవ్వే ఊళ్లలో, రోజూ రాయిని చూస్తూనే ఉంటాం. అందుకే చూడం.

వారం రోజులు ఒక పని చేయండి. కాలేజీ దారిలో ఒకే ఒక బండను ఎంచుకోండి. పొద్దున ఏడింటికి, మధ్యాహ్నం, సాయంత్రం ఐదున్నరకు ఫోన్‌లో ఫొటో తీయండి. ఒక్కో ఫొటోకి నాలుగు వాక్యాలు రాయండి. బాగుంది, సూపర్ లాంటి మాటలు వాడొద్దు. రంగేమిటి, నీడ ఎటు పడింది, నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మారింది. తెలుగులో రాసి, తర్వాత ఇంగ్లిష్‌లో చెప్పండి. రూపాయి ఖర్చు లేని స్పోకెన్ ఇంగ్లిష్ ప్రాక్టీస్ ఇది. మూడో రోజుకి మాటలు అయిపోతాయి. అసలు చూడటం అప్పుడే మొదలవుతుంది.

చిత్రకళ మనకు దూరపు విషయం అనుకోవద్దు. 1919లో టాగూర్ మదనపల్లె వచ్చినప్పుడు ఇక్కడి థియోసాఫికల్ కాలేజీ ప్రిన్సిపాల్ ఐరిష్ కవి, కళా విమర్శకుడు జేమ్స్ కజిన్స్. మైసూరు జగన్మోహన ప్యాలెస్ చిత్రశాల, తిరువనంతపురం శ్రీచిత్రాలయం ఏర్పాటులో ఆయనది ముఖ్యపాత్ర. 1956లో మదనపల్లెలోనే కన్నుమూశారు. మీరు ఇంటర్వ్యూకి బెంగళూరు వెళ్లి, తిరుగు బస్సుకో కుప్పం రైలుకో రెండు గంటలు ఖాళీ ఉంటే, ప్యాలెస్ రోడ్డులో నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడర్న్ ఆర్ట్ ఉంది. ఒక్క బొమ్మ ముందు పది నిమిషాలు నిలబడి రండి.

ఆ తర్వాత ఏమైంది

బెల్ ఇల్ చిత్రాల్లో కొన్నింటిని 1887లో పారిస్‌లో జార్జ్ పెతీ గ్యాలరీలో చూపించారు. ఈసారి ఆదరణ దొరికింది. ఆ ద్వీపంలో పట్టుబడిన పద్ధతినే, అంటే ఒకే వస్తువును వేరువేరు వేళల్లో చూడటాన్ని, మోనే పెంచుకుంటూ పోయాడు. 1891లో గడ్డివాముల చిత్రాలు 15 ప్రదర్శనకు పెడితే కొద్ది రోజుల్లోనే అమ్ముడైపోయాయి. మన ఊళ్లలో ఎవరూ రెండోసారి చూడని వాములే అవి. ఆ వరసలో ఒక చిత్రం 2019లో న్యూయార్క్ వేలంలో 11 కోట్ల డాలర్లు దాటింది. 1867లో జ్యూరీ తిప్పి పంపిన, బజీల్ నెలకు 50 చొప్పున కొన్న ఆ పెద్ద చిత్రాన్ని 1921లో ఫ్రెంచి ప్రభుత్వమే 2 లక్షల ఫ్రాంకులిచ్చి తీసుకుంది.

వయసు మళ్లాక చూపే దెబ్బతింది. 1912లో రెండు కళ్లకూ శుక్లాలున్నాయని డాక్టర్లు తేల్చారు. రంగులు తేడాగా కనిపించేవి. 1923లో కుడికంటికి ఆపరేషన్ అయింది. ఆ ఇబ్బందితోనే జివెర్నీలో తన ఇంటి చెరువులోని కలువల్ని గోడలంత పెద్ద చిత్రాలుగా గీస్తూ ఉన్నాడు. 1926 డిసెంబర్ 5న, 86 ఏళ్లకు కన్నుమూశాడు. ఆ కలువల గదులు మరుసటి ఏడాది మే నెలలో పారిస్‌లోని ఒరాంజెరీలో జనం కోసం తెరుచుకున్నాయి.

ఇక్కడితో ఆపితే ఇది, కష్టపడితే అందరూ గెలుస్తారని చెప్పే కథ అయిపోతుంది. కానీ ఆల్ఫ్రెడ్ సిస్లీ సంగతి కూడా తెలుసుకోండి. మోనేతో పాటే నేర్చుకున్నాడు, అదే ప్రదర్శనలో పాల్గొన్నాడు, అంతే నిజాయితీగా గీశాడు. 1899లో పేదరికంలోనే చనిపోయాడు. ఆయన బొమ్మలకు మంచి ధరలు పలికింది ఆ తర్వాతే. కాబట్టి ఓపిక పడితే ఆఫర్ లెటర్ తప్పకుండా వస్తుందని మోనే జీవితం చూపించి మీకు చెప్పలేను. మార్కెట్ ఎప్పుడు తిరుగుతుందో మోనే చేతిలోనూ లేదు, సిస్లీ చేతిలోనూ లేదు.

చేతిలో ఉన్నది ఒకటే. మదనపల్లె మార్కెట్‌లో టమాటా పెట్టెను ఒక్క చూపు చూసి రేటు కట్టేస్తారు. అక్కడ అంతకన్నా టైం ఉండదు. మనుషుల్ని, పనుల్ని, మనకు మనల్ని కూడా అలాగే చూడాలన్న రూలేమీ లేదు. రిజెక్ట్ అయిన ఇంటర్వ్యూ గురించి నాకు రాదు అనే ఒక్క ముక్కతో ముగించకుండా, ఏ ప్రశ్న దగ్గర ఆగిపోయాను, ఏం చెప్పాను, ఏం చెప్పలేదు అని నాలుగు వాక్యాలు రాసుకోండి. బండ గురించి రాసినట్టే.

ఇప్పుడు ఆ బెల్ ఇల్ బొమ్మను మళ్లీ తెరవండి. నలుపు ఎక్కడైనా కనిపిస్తోందా?